ఎలుగుబంట్లు తిరిగొచ్చిన లోయలు: ట్రెంటీనోలో ఏం జరిగింది?

ఈ ఎపిసోడ్‌లో ఎలుగుబంట్ల గురించి మాట్లాడుకుందాం. ఇంకొంచెం సరిగ్గా చెప్పాలంటే, ఎలుగుబంట్లూ మనుషులూ ఒకే కొండ మీద బతకాల్సొస్తే ఏమవుతుంది అనే దాని గురించి.

ఈ విషయం మనకి మామూలుగా పేపర్లో నాలుగు లైన్ల వార్తగా కనిపిస్తుంది. ఫలానా ఊళ్ళో ఎలుగుబంటి దాడి, ఒకరి మృతి. మర్నాడు, ఎలుగుబంటిని బంధించిన అటవీ సిబ్బంది. అక్కడితో కథ అయిపోతుంది. అంతకు ముందు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఆ చుట్టుపక్కల ఏం జరిగిందో ఎవరూ రాయరు. రాయాలన్నా చాలా చోట్ల దానికి రికార్డు ఉండదు.

ఆ రికార్డు దాదాపు పూర్తిగా ఉన్న చోటు ఒకటుంది. ఉత్తర ఇటలీలో, ఆల్ప్స్ కొండల్లో ట్రెంటీనో అనే ప్రాంతం. అక్కడి ఎలుగుబంట్లలో చాలావాటికి పేరో నంబరో ఉంది. దేనికి తల్లి ఏది, తండ్రి ఏది అని డీఎన్ఏ పరీక్ష చేసి మరీ రాసిపెట్టారు. అందుకే ఈ కథని అక్కడి నుంచి చెప్పుకుంటే మనకి బాగా అర్థమవుతుందని నా ఉద్దేశం.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూద్దాం. ట్రెంటీనో విస్తీర్ణం సుమారు 6,200 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత శ్రీకాకుళం జిల్లా కన్నా కాస్త పెద్దది. జనం 5 లక్షల 40 వేల దాకా ఉంటారు. లోయల్లో ఊళ్ళు, ఊళ్ళ చుట్టూ యాపిల్ తోటలు. తోటలు దాటగానే అడవి, అడవి పైన పశువులు మేసే పచ్చిక. ప్రాంతంలో సగానికి పైగా అడవే. ఆ అడవి నిండా కాలిదారులు. జనం పుట్టగొడుగులు ఏరుకోవడానికి వెళ్తారు, పొద్దున్నే పరుగుకి వెళ్తారు, సైకిళ్ళ మీద వెళ్తారు. వాళ్ళు కాక ఏటా లక్షల్లో టూరిస్టులు. కాబట్టి 'అడవి' అనగానే మనుషులు లేని చోటుని ఊహించుకోకండి. ఇది పెరటి గోడ లాంటి అడవి. గుమ్మం దిగితే అడవే.

ఈ కొండల్లో గోధుమరంగు ఎలుగుబంటి ఎప్పటినుంచో ఉండేది. వేటాడి వేటాడి దాన్ని దాదాపు లేకుండా చేశారు. 1990ల చివరికి అక్కడ మిగిలినవి మూడో నాలుగో. పిల్లలు పుట్టడం ఆగిపోయింది. లెక్కకి ఉన్నాయి గానీ, జాతిగా చూస్తే అక్కడ అయిపోయినట్టే.

అప్పుడు ఒక ఆలోచన చేశారు. బయటినుంచి ఎలుగుబంట్లని తెచ్చి వదులుదాం అని. దీనికి యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చింది. ఆ పథకం పేరు లైఫ్ ఉర్సుస్. ఉర్సుస్ అంటే లాటిన్‌లో ఎలుగుబంటి. 1999 నుంచి 2002 దాకా పక్కనున్న స్లొవేనియా అడవుల నుంచి మొత్తం 10 ఎలుగుబంట్లని తెచ్చి అదమెల్లో బ్రెంటా అనే రక్షిత అడవిలో వదిలారు. కొన్ని దశాబ్దాల్లో ఇవి 40 నుంచి 60 దాకా పెరిగితే చాలు, తమంతట తాము నిలదొక్కుకుంటాయి అని లెక్క వేశారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. వదిలేముందు జనాన్ని అడిగారు. 1997లో ఆ ప్రాంతంలో 1,500 మందికి పైగా మనుషుల్ని సర్వే చేశారు. 70 శాతానికి పైగా 'సరే, రానివ్వండి' అన్నారు. నష్టం జరగకుండా చూస్తాం, మనుషులకి ప్రమాదమైన ఎలుగుబంటి ఉంటే తొలగిస్తాం అని హామీ ఇస్తే ఒప్పుకుంటారా అని అడిగినప్పుడు ఆ శాతం ఇంకా పెరిగింది. అంటే జనం ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు మీద ఒప్పుకున్నారు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఈ షరతే.

సరే, ఎలుగుబంట్లు వచ్చాయి. 2002లో మొదటి పిల్లలు పుట్టాయి. ఆ తర్వాత ఏళ్ళలో అవి బాగా పెరిగాయి. ఇప్పుడు అక్కడ సుమారు 100 ఉంటాయని అంచనా. జంతువుల వైపు నుంచి చూస్తే యూరప్‌లో ఇంత బాగా పట్టాలెక్కిన పథకాలు తక్కువ.

కానీ ఒక చిక్కు వచ్చింది. ఈ 100 ఎలుగుబంట్లు ఆల్ప్స్ అంతా పరుచుకోలేదు. ఎక్కువ భాగం ట్రెంటీనో పడమటి వైపు కొండల్లోనే ఉండిపోయాయి. ఎందుకంటే, ఎలుగుబంట్లలో మగవి దూరాలు తిరుగుతాయి. ఆడవి అలా కాదు. ఆడపిల్ల పెద్దదయ్యాక తల్లి ఇలాకా పక్కనే తన ఇలాకా చూసుకుంటుంది. ఆడవి కదలకపోతే జాతి కదలదు కదా. పైగా తూర్పున అదిజె నది లోయ అడ్డం. ఆ లోయలో హైవే, రైల్వే లైను, ఊరు పక్కన ఊరు, తోట పక్కన తోట. మగది ఎప్పుడైనా దాటొచ్చు గానీ పిల్లలతో ఉన్న తల్లికి అది గోడే. అందుకని మొత్తం ప్రాంతానికి లెక్క చూస్తే ఎక్కువ కాదు అనిపించినా, ఆ రెండు మూడు లోయల్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఎలుగుబంటి రోజువారీ సంగతైపోయింది.

ఇప్పుడు పేర్ల సంగతి చెప్తాను. మొదట్లో పుట్టినవాటికి తల్లి పేరులో మొదటి అక్షరం, తండ్రి పేరులో మొదటి అక్షరం కలిపి పేరు పెట్టేవారు. స్లొవేనియా నుంచి తెచ్చినవాటిలో యుర్కా అని ఒక ఆడది, యోజె అని ఒక మగది ఉన్నాయి. రెండూ ఇంగ్లిష్ అక్షరం 'జె'తోనే రాస్తారు. కాబట్టి వాటి పిల్లలు జేజే1, జేజే2, జేజే3, జేజే4. ఈ కుటుంబం చాలా పేరు తెచ్చుకుంది, మంచికీ చెడుకీ.

జేజే1 మగది. 2006లో అది కొండలు దాటి ఆస్ట్రియా మీదుగా జర్మనీలోని బవేరియాకి వెళ్ళింది. అక్కడ అడవి ఎలుగుబంటి కనిపించి 170 ఏళ్ళయింది. జనం సంబరపడి దానికి బ్రూనో అని పేరు పెట్టారు. అది గొర్రెల్ని, కోళ్ళని చంపుతూ, తేనెపెట్టెలు విరగ్గొడుతూ ఊళ్ళ పక్కనే తిరిగింది. ప్రాణాలతో పట్టుకోవడానికి ప్రయత్నాలు చేసి, చివరికి జూన్ 26న కాల్చేశారు. దాని తమ్ముడు జేజే3 స్విట్జర్లాండ్ వెళ్ళింది. 2008లో అక్కడ దాన్నీ కాల్చేశారు. తల్లి యుర్కా కూడా ఊళ్ళకి మరీ దగ్గరగా తిరుగుతోందని 2007లో పట్టి బంధించారు.

ఇది రక్తంలో వచ్చిందా, తల్లి దగ్గర నేర్చుకున్నదా అంటే, నేర్చుకున్నదే ఎక్కువ అని అర్థం చేసుకోవచ్చు. ఎలుగుబంటి పిల్ల ఏడాదిన్నర దాకా తల్లి వెంటే తిరుగుతుంది. తిండి ఎక్కడ దొరుకుతుందో తల్లి చూపిస్తే నేర్చుకుంటుంది. తల్లి కోళ్ళగూటికి తీసుకెళ్తే పిల్లకి కోళ్ళగూడే అడవి. ఎలుగుబంటి ముక్కు కుక్క ముక్కు కన్నా పదునైనది, జ్ఞాపకం కూడా గట్టిది. శీతాకాలం నిద్రకి ముందు, అంటే ఆకులు రాలే రోజుల్లో, అది రాత్రింబవళ్ళు తింటూనే ఉంటుంది. ఆ సమయంలో మూత సరిగ్గా లేని చెత్తడబ్బా ఒకటి దొరికిందనుకోండి, కొండంతా తిరిగి ఏరుకునే తిండి అక్కడే ఉంటుంది. ఒకసారి తిన్న చోటికి మళ్ళీ వస్తుంది. ఇందులో దాని తప్పేముంది?

మనుషుల మీద పడటం వేరే విషయం. గోధుమరంగు ఎలుగుబంటికి మనిషి ఆహారం కాదు. చాలా దాడులు జరిగేది దగ్గర్లో హఠాత్తుగా ఎదురుపడ్డప్పుడు, పక్కన పిల్లలున్నప్పుడు, లేదా కట్టెయ్యని కుక్క దాన్ని రెచ్చగొట్టి మళ్ళీ యజమాని దగ్గరికి పరిగెత్తుకొచ్చినప్పుడు. 2014లో దనిజా అనే తల్లి ఎలుగు రెండు పిల్లలతో ఉండగా, పుట్టగొడుగులు ఏరుకునే మనిషి దగ్గరికొచ్చాడు. అది అతన్ని గాయపరిచింది. దాన్ని పట్టుకోవడానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తే, ఆ మత్తులోనే చనిపోయింది. దేశమంతా గొడవైంది. అప్పటినుంచి ట్రెంటీనోలో ఎలుగుబంటి మీద ఏ నిర్ణయం తీసుకున్నా ఒకపక్క ఊరేగింపు, ఇంకోపక్క కోర్టు కేసు అన్నట్టయింది.

ఇక జేజే4 దగ్గరికి వద్దాం. ఇది 2006లో పుట్టిన ఆడది. 2020 జూన్‌లో మోంటే పెల్లెర్ అనే కొండ మీద ఒక తండ్రీ కొడుకుల మీద పడి గాయపరిచింది. దాన్ని చంపమని ప్రాంతీయ ప్రభుత్వం ఆర్డరిచ్చింది. జంతు సంరక్షణ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి. కోర్టు ఆర్డరు ఆపింది. మెడకి రేడియో కాలర్ వేసి వదిలేశారు. అంటే అది ఎక్కడుందో తెలుస్తూ ఉంటుంది, ఊరికి దగ్గరగా వస్తే జాగ్రత్తపడొచ్చు అని.

2023 ఏప్రిల్ 5న అదే కొండ మీద, కాల్దెస్ అనే ఊరికి చెందిన 26 ఏళ్ళ కుర్రాడు పరుగుకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. డీఎన్ఏ చూస్తే చంపింది జేజే4. ఈ కాలంలో ఇటలీలో అడవి ఎలుగుబంటి చేతిలో మనిషి చనిపోవడం అదే మొదటిసారి. మెడకి కట్టిన కాలర్ అప్పటికే పనిచెయ్యడం మానేసింది. పన్నెండు రోజుల తర్వాత దాన్ని పట్టుకున్నప్పుడు వెంట పిల్లలున్నాయి.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ ఘటన తర్వాత మాట్లాడినవాళ్ళంతా రెండు వైపులుగా విడిపోయారు. 'ఎలుగుబంట్లన్నిటినీ తీసెయ్యాలి' అని ఒక వైపు. 'దానికేం తెలుసు, మనుషులే దాని ఇంట్లోకి వెళ్ళారు' అని ఇంకో వైపు. నాకు రెండూ సరిపోయే మాటలు అనిపించవు. ఆ కుర్రాడు వెళ్ళింది ఎవరి ఇంట్లోకో కాదు, తను పుట్టి పెరిగిన ఊరి కొండ మీదికి. ఎలుగుబంటి కూడా తనంతట తాను రాలేదు. దాని తల్లిదండ్రుల్ని లారీలో తెచ్చి వదిలారు. మరి మధ్యలో ఉన్నదేంటి? 1997లో ఇచ్చిన హామీ. ప్రమాదమైనదాన్ని తొలగిస్తాం అన్న మాట. 2020లో ఒకసారి దాడి చేసిన ఎలుగుబంటి 2023 దాకా అదే కొండ మీద ఉంది. దాన్ని తొలగించలేదు. పోనీ ఎక్కడుందో కూడా తెలియని స్థితి. ఆ కుర్రాడి కుటుంబం కూడా ఆ తర్వాత వేలెత్తి చూపించింది ఎక్కువగా ఎలుగుబంటి వైపు కాదు, దాన్ని చూసుకోవాల్సిన అధికారుల వైపు.

దాని ఫలితం 2024లో కనిపించింది. ఆ ఊరున్న వాల్ ది సోలె లోయలో జనమే ఒక ఓటింగ్ పెట్టుకున్నారు. చట్టపరంగా దానికి బలం లేదు, అభిప్రాయం చెప్పడానికే. ఓటు హక్కున్నవాళ్ళలో 60 శాతానికి పైగా వచ్చారు. వచ్చినవాళ్ళలో 98 శాతానికి పైగా, ఈ ఎలుగుబంట్లూ తోడేళ్ళూ మా భద్రతకి పెద్ద ప్రమాదం అని చెప్పారు. 1997 సర్వే మొత్తం ప్రాంతానిది, ఇది ఒక్క లోయది. కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టకూడదు. అయినా గాలి ఎటు తిరిగిందో తెలుస్తోంది కదా.

అదే ఏడాది ప్రాంతీయ ప్రభుత్వం చట్టం చేసింది. 2024, 2025ల్లో ఏటా 8 దాకా సమస్యాత్మకమైన ఎలుగుబంట్లని చంపొచ్చు అని. ఆ జులైలో ఒక ఫ్రెంచ్ టూరిస్టుని గాయపరిచిన కేజే1 అనే ముసలి తల్లి ఎలుగుని నెలాఖరుకల్లా కాల్చేశారు. పథకం మొదట్లో, 2002లో పుట్టిన పిల్లల్లో అదొకటి. జేజే4 కేసు కోర్టుల్లో తిరిగి తిరిగి, చివరికి 2025లో దాన్ని జర్మనీలో ఎలుగుబంట్ల పార్కుకి పంపారు. దాని తల్లి యుర్కాని 2010లో పంపింది కూడా ఆ పార్కుకే.

మరి మనుషులూ ఎలుగుబంట్లూ కలిసి బతకడం అసలు కుదరదా? ఇటలీలోనే దీనికి ఇంకో జవాబుంది. రోమ్‌కి తూర్పున అబ్రుత్సో కొండలు. అక్కడ మార్సికన్ ఎలుగుబంటి అనే స్థానిక రకం ఉంది. మొత్తం 50, 60 మాత్రమే. ఈ ఎలుగుబంట్లు అక్కడినుంచి ఎప్పుడూ పూర్తిగా పోలేదు. 1920ల నుంచీ అక్కడ నేషనల్ పార్కు ఉంది. ఆ ఎలుగుబంట్లు మనిషిని చంపినట్టు రికార్డు లేదు.

కారణాలు రెండు చెప్తారు. ఒకటి, ఆ రకమే కొంత నెమ్మదైనది. వందల ఏళ్ళుగా దుడుకుగా ఉన్నవాటిని మనుషులు చంపేస్తూ వస్తే మిగిలినవి నెమ్మదైనవే అయ్యుంటాయి. రెండోది మనుషుల అలవాటు. అక్కడ గొర్రెల కాపరికి రాత్రి మందని దొడ్లో పెట్టడం, పెద్ద తెల్లకుక్కల్ని కాపలా ఉంచడం తాతల నాటి పని. దానికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. ట్రెంటీనోలో మధ్యలో రెండు మూడు తరాలు ఎలుగుబంటి భయం లేకుండా బతికాయి. మంద రాత్రి కొండ మీదే ఉండేది, చెత్తడబ్బాకి గడియ అక్కర్లేదు. ఎలుగుబంటిని లారీలో తేవచ్చు. ఈ అలవాటుని లారీలో తేలేం. ఇంటింటికీ తిరిగి, డబ్బు ఖర్చుపెట్టి, ఏళ్ళ తరబడి మళ్ళీ నేర్పించుకోవాలి.

అబ్రుత్సోలో కూడా అంతా సవ్యంగా ఉందని అనను. 2023 ఆగస్టులో అమరెనా అనే తల్లి ఎలుగు ఒక ఊళ్ళోకొస్తే ఒకతను తుపాకీతో కాల్చేశాడు. ఆ ఏడాది జనవరిలోనే దాని కొడుకు కారు గుద్ది చనిపోయింది. కాకపోతే అక్కడ చాలా ఊళ్ళల్లో పని మాత్రం రోజూ జరుగుతోంది. కోళ్ళగూళ్ళకి, తేనెపెట్టెలకి కరెంటు కంచెలు, ఎలుగుబంటి తెరవలేని చెత్తడబ్బాలు, పండిన పళ్ళు చెట్టు మీదే వదిలెయ్యకుండా కోసెయ్యడం. వినడానికి చాలా చిన్న పనులు.

ట్రెంటీనోలో ఇవేవీ లేవని కాదు. తేనెపెట్టెలు పోతే, గొర్రెలు పోతే పరిహారం ఇస్తారు. కరెంటు కంచెకి సాయం చేస్తారు. ఊళ్ళోకొచ్చినదాన్ని తరమడానికి ప్రత్యేకంగా తయారు చేసిన కుక్కలున్నాయి. కానీ ఎలుగుబంటి తెరవలేని చెత్తడబ్బాలు అన్ని ఊళ్ళకీ చేరకముందే ఎలుగుబంట్లు చేరాయి. అమెరికాలో అడవికి వెళ్ళేవాళ్ళు చేతిలో పట్టుకెళ్ళే ఎలుగుబంటి స్ప్రే, ఇటలీ చట్టంలో ఆయుధం కింద లెక్క. ఆ కుర్రాడు చనిపోయినప్పుడు అది మామూలు మనిషి కొనుక్కునే వస్తువు కాదు. అంటే ఎలుగుబంట్ల లెక్క పెరిగినంత వేగంగా ఈ ఏర్పాట్లు పెరగలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇందాక శ్రీకాకుళం పేరు చెప్పింది ఊరికే కాదు. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు. పక్కనే కొండలు. అక్కడిది వేరే రకం, నల్లగా జూలుతో ఉండే మన ఎలుగు. చెదపురుగులు, చీమలు, పళ్ళు దాని తిండి. కానీ మనిషి ఎదురుపడితే పారిపోవడం కన్నా మీద పడటమే ఎక్కువ. పులులున్న అడవిలో పుట్టి పెరిగిన జాతి, దానికి తెలిసిన ఆత్మరక్షణ అదే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక మనిషి చనిపోయాడు, ఆ వెంటనే ఇంకొందరు గాయపడ్డారు. ఎలుగుని మత్తిచ్చి పట్టుకున్నారు. విశాఖ జూకి తీసుకెళ్తుంటే అదీ చనిపోయింది.

ఇక్కడ ఎలుగుని ఎవరూ తెచ్చి వదల్లేదు. జనం అభిప్రాయమూ ఎవరూ అడగలేదు. ఆ తేడా ఉంది. కానీ ట్రెంటీనో కథ విన్నాక మనం అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. ఒక దాడికీ ఇంకో దాడికీ మధ్య ఉన్న రోజుల్లో ఎవరు ఏం చేస్తున్నారు? పనసపళ్ళు, జీడిపళ్ళు పండే రోజుల్లో తెల్లవారుజామున తోటకి ఒంటరిగా వెళ్ళొద్దని, నలుగురు కలిసి మాట్లాడుకుంటూ వెళ్ళమని చెప్పేవాళ్ళున్నారా? తోట దారిలో లైటుందా? రాలిన పళ్ళు ఎవరు ఎత్తుతున్నారు? గాయపడ్డ మనిషికి పరిహారం ఎన్నాళ్ళకి అందుతోంది? కొండ మీద దాని తిండీ నీళ్ళూ మిగిలి ఉన్నాయా? ఈ పనులు వార్త కావు. ఇవి జరిగిన చోట వార్త తక్కువగా పుడుతుంది, అంతే.

ట్రెంటీనోలో కుర్రాడు పోయాడు. జేజే4 మిగతా బతుకంతా కంచె వెనక గడుపుతుంది. జనానికి నమ్మకం పోయింది. ఒకప్పుడు 'రానివ్వండి' అన్న మనుషులే వాళ్ళు. వాళ్ళు ఎలుగుబంటిని ద్వేషించి మారలేదు. మాకిచ్చిన మాట ఏమైంది అని అడిగి, జవాబు రాక మారారు. అడవి జంతువుతో కలిసి బతకమని ఎవరికైనా చెప్పేముందు, ఆ బతుకులో రోజువారీ ఖర్చు ఎవరిది, ప్రమాదం వస్తే ఎంత త్వరగా ఎవరు వస్తారు అనేది ముందే తేల్చుకోవాలి. అది తేల్చకుండా ప్రకృతి ప్రేమ గురించి ఎంత చెప్పినా, ఆ కొండ కింద ఇల్లున్నవాళ్ళకి అది వినపడదు.